తగినంత చేతకానివాడికే వీసా

అద్దం వెనక కూర్చుని ముద్రలు కొట్టే దొరలారా, ఆ దొరలు తుమ్మితే చిరంజీవ అనే మన శాఖల పెద్దలారా, మల్లేశు చేతిలో హార్మోనియం లాక్కుని లాఠీ పెట్టింది మీరే. మాకేం తెలుసని బుకాయించకండి. ఎలా లాక్కున్నారో, ఏ నిబంధన పేరు చెప్పి లాక్కున్నారో మొదటి నుంచీ చెబుతాం. నచ్చకపోతే చెవులు మూసుకోండి. మీకది అలవాటే.

మల్లేశు బావ పేరు తూర్పాటి కోటిలింగం. కంభం అవతలి పల్లె. పగటివేషాలు వాళ్ల కులవృత్తి. దీపాలు పెట్టుకుని, తెర కట్టుకుని, దూరంగా నిలబడి ఆడడం ఎవడైనా ఆడతాడు. పగటివేషగాడు పట్టపగలు నీ వాకిట్లో నిలబడి నీ కళ్లలోకి చూస్తూ నిన్ను నమ్మించాలి. కోటిలింగం ఒకసారి కరెంటు ఇంజనీరు వేషంలో గిద్దలూరు దగ్గర ఒక వీధిలోకి నడిచాడు. వీధి వీధంతా తీగలకు తగిలించుకున్న కొక్కేలు పీకి గడ్డివాముల్లో దాచింది. వారం తర్వాత నిజం ఇంజనీరు వస్తే ఆ వీధి జనం పడీపడీ నవ్వి, కోటిలింగం వేషమే బాగుందని ఆయన్ని సాగనంపారు.

ఈ వృత్తికో కట్టుబాటు ఉంది. ఊళ్లో దిగాక రోజుకో వేషం కడతారు. అన్నాళ్లూ ఎవరినీ ఏమీ అడగరు. ఆఖరి రోజున మొహం కడుక్కుని, రంగు లేకుండా, సొంత మొహంతో గడప గడపకూ వస్తారు. అది సంభావన రోజు. ముందు వేషం, తర్వాతే చెయ్యి అనేవాడు కోటిలింగానికి పని నేర్పిన మేనమామ. ఆ ముసలాయన ఇంకో మాట కూడా అనేవాడు. వేషం చూసి, నవ్వి, చప్పట్లు కొట్టి, తీరా ఆఖరి రోజున తలుపు వేసుకున్న ఇల్లుంటే, మర్నాడు ఆ ఇంటి యజమాని వేషంలోనే ఆ ఇంటికి పోవాలని. కోటిలింగం జీవితంలో ఒక్కసారే, ఒక మోతుబరి ఇంట్లో, ఆ పని చేశాడు. ఆ మోతుబరి భార్య కోటిలింగానికి కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి, గోంగూర పచ్చడిలో నెయ్యి కూడా వేసింది. మోతుబరి సాయంత్రమే బస్తా జొన్నలు బండి మీద పంపించాడు.

మేళం ఒకప్పుడు పెద్దది. మద్దెల వాయించేవాడు టైల్స్ ఫ్యాక్టరీకి పోయాడు. తాళం వేసేవాడు ఆటో కొన్నాడు. హార్మోనియం మల్లేశు ఒక్కడే మిగిలాడు. కోటిలింగం భార్య ఈరమ్మకు తమ్ముడు కాబట్టి మిగిలాడని కొందరంటారు కానీ, అది నిజం కాదు. హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెడితే మల్లేశుకు ఆకలి కూడా గుర్తుండదు. అయినా వాడికీ ఇద్దరు పిల్లలు. ఒంగోలులో ఒక అపార్టుమెంటు వాళ్లు వాచ్‌మెన్ ఉద్యోగం ఇస్తామని పిలిచారు. బావ ప్రయాణం పడితే రాను, పడకపోతే వస్తానని మల్లేశు వాళ్లకు చెప్పి పెట్టాడు.

ఆ ప్రయాణం సంగతి ఇది. ఎలీనా అని సముద్రం అవతలి దేశపు మనిషి, వీధుల్లో ఆడే నటి, కొన్నేళ్ల కింద వీళ్ల పల్లెకు వచ్చింది. ఈరమ్మ దగ్గర వేషగాళ్లు మొహానికి పూసే అర్దళం రాయి నూరి రంగు తీయడం నేర్చుకుంది. ఈరమ్మను వదినా అంటూ రెండు వానాకాలాలు ఆ ఇంట్లోనే తిన్నది, పడుకున్నది. వెళ్లేలోపల ఆమె, కోటిలింగం కలిసి ఒక ఆట కట్టారు. ఇద్దరూ ఒకే బట్ట కప్పుకుని ఒకే మనిషిలా నిలబడతారు. కుడి సగం ఆమె, ఎడమ సగం ఇతను. కుడి సగం సరిహద్దు కాపలా కాస్తుంటుంది, ఎడమ సగం దాటాలని చూస్తుంటుంది. చూసినవాళ్లు నవ్వీ నవ్వీ చివరికి ఊరుకుండిపోతారు. ఇప్పుడు వాళ్ల దేశంలో వీధి నటుల పెద్ద జాతర. ఆ ఆట ఆడాలని ఎలీనా పిలిచింది. ఖర్చంతా జాతర వాళ్లదే. అక్కడ ఒకసారి నిలబడితే ఏటా పిలుపులు వస్తాయి, మద్దెలవాడు టైల్స్ వదిలి వస్తాడు, మేళం మళ్లీ మేళమవుతుంది.

కావలసింది ఒక్క ముద్ర.

కోటిలింగం, మల్లేశు హైదరాబాదులో వీసా ఆఫీసుకు పోయారు. గేటు దగ్గర గార్డు ఒళ్లంతా తడిమి, హార్మోనియం తిత్తి నొక్కి చూసి లోపలికి పంపాడు. అద్దం వెనక దొర. పక్కన దుబాసీ, చక్కటి చీర కట్టుకున్న తెలుగావిడ. దొర రెండు మాటలంటే ఆమె దాన్ని రాజపత్రంలా విప్పి చెప్పేది. దరఖాస్తుదారు తాను కళాకారుడనని చెప్పుకొనుచున్నారు గనుక, తద్విషయమును సమ్ముఖమున రుజువు పరచవలెనన్నది ఆవిడ.

కోటిలింగం సంతోషించాడు. ముందు వేషం, తర్వాతే చెయ్యి. వీళ్లకూ కట్టుబాటు తెలుసుననుకున్నాడు. గోడ వైపు తిరిగి, భుజం మీది తుండు నడుముకు బిగించి, ఇటు తిరిగేసరికి గేటు దగ్గరి గార్డు. అదే నడక, ప్యాంటు పైకి లాక్కునే అదే తీరు, ఎవరినీ నమ్మని అదే చూపు. బరువుగా నడిచి అద్దం దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. దొర గబుక్కున మెడలోని గుర్తింపు కార్డు తీసి చూపించాడు. దుబాసీ చేతి సంచీ తెరిచి పట్టుకుంది. వరసలో ఉన్నవాళ్లందరూ చేతులు పైకెత్తారు. తలుపు దగ్గర నిజం గార్డు కూడా ఎత్తాడు.

తేరుకున్నాక దొర చాలాసేపు చప్పట్లు కొట్టాడు. కొట్టి, ఏదో రాశాడు. దుబాసీ చదివింది.

"దరఖాస్తుదారుని ప్రతిభ అసామాన్యమైనదని రూఢి అయినందునను, తత్కారణమున ఆతిథ్య దేశమందు వారికి గిరాకీ ఏర్పడు ప్రమాదమున్నందునను, గిరాకీ గలవారు స్వదేశమునకు మరలి వచ్చుటకు సహేతుక కారణము కానరానందునను, అనుమతి నిరాకరించడమైనది."

కోటిలింగానికి అర్థం కాలేదు. అంటే ఏందమ్మా అని అడిగాడు.

"చాలా బాగా చేశారండీ. అందుకని," అందావిడ, మామూలు తెలుగులో.

మరి చెడ్డగా చేస్తే ఇస్తారా అని మల్లేశు ఎగతాళికి అడిగాడు. ఆవిడ ఎగతాళిని కూడా తర్జుమా చేసింది. దొర దాన్ని ఎగతాళి అనుకోలేదు. లావుపాటి పుస్తకం తిప్పి జవాబు వెతికాడు. కళాకారుడు కానివాడు కళాకారుల వీసాకు అర్హుడు కాడు. కాబట్టి కళాకారుడై ఉండాలి. అయితే అక్కడివాళ్లెవరూ పట్టి ఉంచుకోదలచనంత మేరకు మాత్రమే అయి ఉండాలి. ఆ మేరకు స్వదేశ ప్రభుత్వం నుంచి ధ్రువపత్రం తెస్తే పరిశీలిస్తారు.

ఏ దేశమైనా ఇలాంటి మాట వింటే సిగ్గుపడి ఊరుకుంటుంది. మన సాంస్కృతిక వ్యవహారాల శాఖ ఊరుకోలేదు. ఇలాంటి ధ్రువపత్రం కావాలని ఒకడు అడుగుతున్నాడని తెలియగానే, అల్పప్రతిభా ధ్రువీకరణ విభాగం అని ఒకటి తెరిచింది. సంచాలకులు పీతాంబరం గారు రిబ్బను కత్తిరించారు. మన కళాకారులు ప్రపంచ పటం మీద నిలబడాలంటే ప్రపంచం తట్టుకోగలిగిన స్థాయిలోనే నిలబడాలని, ఆ స్థాయికి వారిని దించే మహత్తర బాధ్యతను శాఖ భుజస్కంధాల మీద వేసుకున్నదని ఆయన ప్రసంగించారు. ఇన్నాళ్లూ శాఖ చేస్తున్నది అదే పని కదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. అభినందన అనుకుని ఆయన నమస్కారం పెట్టారు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఈ రాష్ట్రంలో జరిగింది ఏ వేషగాడూ కట్టలేడు. నలభై ఏళ్లు సాధన చేసిన నాదస్వర విద్వాంసుడు పిల్లలకు బూర అమ్మేవాడి దగ్గర శిష్యరికానికి కుదిరాడు. నాట్యాచార్యులు శిష్యురాళ్లకు ఎక్కడ తాళం తప్పాలో తాళం వేసి మరీ నేర్పారు. విజయవాడలో ఆరు వారాల్లో అపశ్రుతి అని కోచింగు సెంటరు వెలిసింది. బాగా పాడేవాళ్లను వెనక బెంచీలో కూర్చోబెట్టేవారు. ఒక బుర్రకథ పెద్దాయనకు ఎప్పుడో శాఖే ఒక బిరుదు ఇచ్చింది. ఇప్పుడా బిరుదు అడ్డమైంది. రద్దు చేయమని పోతే, బిరుదు పొందడానికి ఆయన అనర్హుడని ఇద్దరు బిరుదాంకితుల చేత సంతకం చేయించుకు రమ్మన్నారు. వాళ్లిద్దరూ అప్పటికే తమ బిరుదుల రద్దు కోసం ఈయన సంతకానికి తిరుగుతున్నారు.

కోటిలింగం మాత్రం ఆ విభాగం పెట్టే పరీక్షకు నేను రానన్నాడు. పని తెలిసి చెడగొట్టడం కన్నా పాపం లేదన్నాడు. మేనమామ చూస్తే చెప్పుచ్చుకు కొడతాడన్నాడు. అర్దళం నూరుతున్న ఈరమ్మ రోలు దగ్గర నుంచి లేవలేదు.

"మీ మామ ఎప్పుడో పొయ్యాడు. ఈడ ఉండేది మా తమ్ముడు. వాడు వచ్చే నెల ఒంగోలు పోతాండాడు. దానికేం చెప్తావు?"

మల్లేశు హార్మోనియం తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"దొంగ వేషం కట్టినావు, దొరసాని వేషం కట్టినావు. చేతకానోడి వేషం కట్టలేనోడివి నువ్వేం వేషగాడివి బావా?"

ఆ మాట తగిలింది. పగటివేషగాణ్ణి తిట్టవచ్చు, ఆకలికి మాడ్చవచ్చు. ఫలానా వేషం నీకు రాదు అనకూడదు. కోటిలింగం మర్నాడే బయల్దేరాడు.

అయితే వాళ్ల పనిలో ఒక చిక్కుంది. పగటివేషగాడికి గాలిలోంచి వేషం రాదు. జమేదారు వేషం కట్టాలంటే ఫలానా జమేదారును నెల రోజులు చూసి, వాడు పేను నలిపే తీరు దాకా పట్టుకోవాలి. చేతకానితనమూ అంతే. ఊరికే చెడగొడితే అది వేషం కాదు, ఎవడో ఒక అసలైన చేతకానివాడు దొరకాలి. కోటిలింగం కోచింగు సెంటరుకు పోయి చూశాడు. అక్కడున్నవాళ్లంతా పని వచ్చినవాళ్లు, చెడగొట్టేటప్పుడు వాళ్ల కళ్లలో నొప్పి కనబడుతోంది. అది పనికిరాదు. కళ్లలో సంతోషం ఉండాలి. అలాంటివాడి కోసం తిరిగి తిరిగి, చివరికి సాంస్కృతిక శాఖ వార్షికోత్సవానికి పోయి వెనక వరసలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఉద్యోగులు నాటకం వేశారు. చక్రవర్తి పాత్ర పీతాంబరం గారిది. చక్రవర్తి యుద్ధంలో గాయపడి ప్రాణం విడిచే ఘట్టంలో ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నారు. కిరీటం జారితే బొటనవేలితో కళ్లద్దాలు పైకి తోసినట్టు తోశారు. ముందు వరసలోకి కలెక్టరు గారు వచ్చి కూర్చుంటే, గుండెల్లో దిగిన బాణం చేత్తో పట్టుకుని రెండో చేత్తో నమస్కారం చేశారు. జనం పొరపాటున చప్పట్లు కొడితే, చచ్చిపోయినవారు లేచి, వంగి, మళ్లీ చచ్చిపోయారు. కళ్లలో ఎంత సంతోషమో. కోటిలింగం రెప్ప వెయ్యకుండా చూశాడు. తిరుగు బస్సులో మల్లేశుతో దొరికాడురా అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

ఇది కోటిలింగం చేసిన తప్పు. పని వచ్చినవాడు మాత్రమే చేయగల తప్పు.

పరీక్ష రోజు వచ్చింది. పీతాంబరం గారు అధ్యక్ష స్థానంలో, అటూ ఇటూ సభ్యులు, గోడ వెంబడి గుమాస్తాలు. ఏం చూపిస్తావని అడిగితే చక్రవర్తి మరణమన్నాడు కోటిలింగం. మల్లేశు హార్మోనియం మీద శోకం ఎత్తుకున్నాడు. చక్రవర్తి నడిచి వచ్చాడు. మొదటి అడుగుకే గుమాస్తాలు చేతిరుమాళ్లు నోట్లో కుక్కుకున్నారు. అదే నడక, అదే పొట్ట, అదే దగ్గు. చక్రవర్తి గడియారం చూసుకున్నాడు. లేని కిరీటాన్ని బొటనవేలితో తోశాడు. బాణం పట్టుకుని కలెక్టరుకు నమస్కరించాడు. చచ్చాడు, లేచాడు, వంగాడు, మళ్లీ చచ్చాడు. ఒక సభ్యుడు బల్ల కిందికి వంగి పడిపోయిన కలం వెతుకుతున్నట్టు చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

పీతాంబరం గారు ఏడుస్తున్నారు. నిజంగా కన్నీళ్లు. లేచి వచ్చి కోటిలింగాన్ని కౌగిలించుకున్నారు.

"ఇది నా బాణీ. నా బాణీని ఇంత లోతుగా అవగాహన చేసుకున్నవాణ్ణి నేను చూడలేదు. నువ్వు మహానటుడివి."

వెంటనే ఆయన తన చేత్తోనే తీర్పు రాశారు. పరీక్షిత కళాకారుని ప్రతిభ నిర్ణీత మోతాదును బహుళముగా అతిక్రమించినందున అల్పప్రతిభా ధ్రువపత్రమునకు అనర్హుడు. నేను చెడగొట్టే కదా సామీ ఆడింది అని కోటిలింగం మొత్తుకున్నాడు. ఉత్తమ కళాకారులకు అలాగే అనిపిస్తుందని, దాన్ని వినయమంటారని, వినయం కూడా ప్రతిభలోకే జమ అని పీతాంబరం గారు ఓదార్చారు.

జాతర దగ్గర పడింది. పిలుపు వచ్చింది, టిక్కెట్టు వచ్చింది, ఎడమ సగం ఖాళీగా ఉంది. రాష్ట్రానికి దక్కిన స్థానం వృథా కాకూడదని శాఖ తలచింది. ప్రతినిధిగా పీతాంబరం గారు బయల్దేరారు. నియమం నియమమే కాబట్టి వీసా ఆఫీసులో ఆయన్నీ రుజువు అడిగారు. ఆయన చక్రవర్తి ఘట్టం ఎత్తుకున్నారు. చక్రవర్తి చచ్చేలోగా ముద్ర పడిపోయింది.

ఎలీనా ఈరమ్మకు ఫోను చేసింది. ఆమె తెలుగు ముక్కలు ముక్కలుగా ఉన్నా బాధ ముక్కలు కాలేదు.

"వదినా, నా ఎడమ పక్క నిలబడిన ఆయన ఎవరు? సరిహద్దు దాటే చోట ఆగి, ఫోటో తీయమన్నాడు."

మా ఆయనకు పత్రం ఇయ్యనోడమ్మా అని ఈరమ్మ ఆయన పుట్టుపూర్వోత్తరాలు కాసేపు వినిపించింది. కోటిలింగం మాత్రం ఆట ఎక్కడ ఆగిందో, ఎలీనా ఎలా సర్దుకుందో, చివర్లో జనం ఊరుకుండిపోయారా లేదా అని అడిగాడు. లేదు, నవ్వుతూనే వెళ్లిపోయారన్నది ఎలీనా.

జాతర అయిపోయింది. పీతాంబరం గారు రాలేదు. మొదట జలుబన్నారు. తర్వాత ఉన్నత అధ్యయనమన్నారు. తర్వాత అక్కడే ఎవరో చుట్టాల హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారని తెలిసింది. శాఖ ఆయన ఫోటోకు దండ వేయలేదు కానీ, వేసినంత పని చేసింది. వీసా ఆఫీసులో దొర మళ్లీ పుస్తకం తిప్పాడు. ప్రతిభ గలవారు తిరిగి రారని ఇదివరకే ఊహించారు, ప్రతిభ లేనివారు తిరిగి రారని ఇప్పుడు రుజువైంది. ఇక మిగిలిన మార్గం ఒకటే. కొత్త నిబంధన వచ్చింది. ఇకమీదట, తాము ఈ ప్రయాణము నుండి క్షేమముగా తిరిగి వచ్చినట్లు ముందుగా రుజువు చూపిన కళాకారులకు మాత్రమే ఈ ప్రయాణమునకు అనుమతి.

వెళ్లకుండా తిరిగి రావడమెట్లా అని కోటిలింగం అడిగితే, అది దరఖాస్తుదారుని సొంత బాధ్యత అని దుబాసీ చెప్పింది. చెప్పి తల దించుకుంది. ఆ మాట మాత్రం ఆవిడ కలిపింది కాదు, దొర అన్నదే.

మల్లేశు ఒంగోలు పోయాడు. హార్మోనియం అక్క దగ్గర పెట్టి, దాని మీద దుప్పటి కప్పి పోయాడు.

కొన్నాళ్లకు కోటిలింగం చూడబోయాడు. అపార్టుమెంటు గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ, నీలం చొక్కా, భుజం మీద ఎర్ర పట్టీ, చేతిలో లాఠీ. మల్లేశు లేచి బావా అన్నాడు కానీ గేటు వదిలి రాలేదు. అప్పుడే కారు దిగిన ఒక పెద్దాయన, వాళ్ల వైపు మనిషే, ఇద్దరినీ గుర్తుపట్టి సంబరపడిపోయాడు. ఒరే వేషగాళ్లా, ఇక్కడ దిగారేంట్రా, వాచ్‌మెన్ వేషం అచ్చు గుద్దినట్టుందిరా అని మల్లేశు జేబులో పది రూపాయలు పెట్టాడు. మల్లేశు సెల్యూట్ కొట్టాడు.

కోటిలింగం వాడి మొహం చూశాడు. హార్మోనియం పక్కన పెట్టి మల్లేశు జవాను వేషంలో ఎన్ని ఊళ్లలో సెల్యూట్ కొట్టాడో లెక్కలేదు. కొట్టిన ప్రతిసారీ బావ వైపు తిరిగి కన్ను గీటేవాడు. ఇప్పుడు గీటలేదు. ఇది వేషం కాదు మరి, రేపు పొద్దున కడుక్కుంటే పోదు.

కోటిలింగం ఇంటికి పోలేదు. ఈరమ్మను హార్మోనియం తీసుకుని హైదరాబాదు రమ్మని ఫోను చేశాడు. మర్నాడు వీసా ఆఫీసు ముందర కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. తుండుతో తుడుచుకుని గేటు ముందు నిలబడ్డాడు. పక్కన ఈరమ్మ, నేల మీద దుప్పటి తీసేసిన హార్మోనియం. గార్డు చూసి, అలవాటుగా చేతులు పైకెత్తి, మళ్లీ దించాడు. దుబాసీ బయటికి వచ్చింది. వెనక దొర కూడా వచ్చాడు. వరసలో ఉన్నవాళ్లు చుట్టూ మూగారు. ఈసారి ఏం వేషమండీ అని అడిగిందావిడ, కొంచెం ఆశగానే.

"ఇయాల వేషం లేదమ్మా. ఇయాల సంభావన రోజు. ఇది బిచ్చం కాదు, బాకీ. మీ దొరకు ఉన్నదున్నట్టు చెప్పు, రాజపత్రం చెయ్యబాకు. నీ ముందర ఆడినా, నవ్వినావు, చప్పట్లు కొట్టినావు. మా పెద్దల ముందర ఆడినా, వాళ్లు ఏడ్సినారు. ఇంగ తలుపు ఏసుకోవడం కుదరదు. పిలిచినోళ్ల పిలుపు చాలని రాయి. పని బాగుంటే ఇయ్యి, బాగుందని కాదనబాక. తిరిగొస్తాడో రాడో అన్న అనుమానం నీ రోగం, దానికి మందు మేము తాగం. మా మల్లేశుకు, నాకు, ఈ వరసలో నిలబడినోళ్లందరికీ ముద్ర ఎయ్యి. రేపు కిటికీ తెరిచేలోగా ఎయ్యి."

ఆవిడ ఈసారి ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చెప్పింది. ఇవ్వకపోతే ఏం చేస్తావని దొర అడిగించాడు.

కోటిలింగం దొర మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. రెప్ప వెయ్యకుండా, కనుబొమలు ఎత్తే తీరు, కలం పట్టే వేళ్లు, మెడలో కార్డు సర్దుకునే పద్ధతి, ఒక్కొక్కటే చూశాడు. ఈరమ్మ నవ్వి, అర్దళం పొట్లం విప్పింది. కోటిలింగం దుబాసీ వైపు తిరిగాడు.

"తలుపు ఏసుకున్న ఇంటికి మర్నాడు ఏ వేషంలో పోవాలో మా మామ మాట ఒకటుందమ్మా, అది కూడా చెప్పు. చెప్పినాక ముద్ర బయటికి తియ్యమను."